అర అంగుళం

మూడు లాంతర్ల దగ్గర టీ బడ్డీ ముందు
పందేలు నడుస్తున్నాయి.
తవిటినాయుడు గెలుస్తాడనేవాళ్లు పదికి ముగ్గురు.
మిగిలిన ఏడుగురూ
ఆ ముగ్గురికీ టీ పోయిస్తున్నారు, జాలేసి.

నన్నూ అడుగుతారు.
దాసన్నపేటలో పద్దెనిమిదేళ్లుగా
వాడి లాగులు కుట్టేది నేనే కనక
నాకేదో తెలుసనుకుంటారు.

తెలుసు.
నా కొలతల పుస్తకంలో ముప్పై నాలుగో పేజీ వాడిది.
మొదటిసారి వచ్చినప్పుడు ఛాతీ నలభై.
రాష్ట్రం బెల్టు తెచ్చిన ఏడు నలభై ఏడు,
పక్కనే నా వక్కపొడి మరక.
ఆ తర్వాత పద్నాలుగు నెలలు
ఉత్త కాగితం.
భుజంలో తీగ తెగిందన్నారు,
విశాఖలో కోసి కుట్టారన్నారు.
ఆ కుట్టు చూశాను.
నేనైతే ఇంకాస్త దగ్గరగా వేసేవాణ్ణి.

వాడికి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
వీణ్ణి పురిట్లోనే
పొరుగు ముసలమ్మకి మానెడు తవుడుకి అమ్మేసి
మళ్లీ కొనుక్కుంది వాళ్లమ్మ.
మానెడు తవుడు ఖరీదు చేసిన మనిషి
ఇవాళ కాటా ఎక్కితే తొంభై ఎనిమిది కిలోలు.
వయసు ముప్పై ఆరు.
నెల్లిమర్ల జూటు మిల్లులో బేళ్లు మోసిన వీపు.

మొన్న లక్ష్మివారం షట్టరు సగం దించాక వచ్చాడు.
"మాస్టారూ, అంగీ ఒకటి కుట్టాల. పచ్చ శాటిను.
ఎనకాల పేరొద్దు."
పేరెందుకొద్దురా అంటే
"ఓడిపోనాననుకోండి, ఎవుడో తెలీకుండా ఉంటాది గదా"
అని నవ్వాడు. పైపళ్లలో సందు ఇంకా అలాగే ఉంది.

కుడి చెయ్యి ఎత్తమన్నాను.
చెవి దాకా వచ్చి ఆగింది.
అక్కడ రెప్పలు వాలాయి,
సూదిలో దారం ఎక్కించేంత సేపు.
కుడి జబ్బ అంగుళంన్నర తగ్గింది.
కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి దిగింది.
"కోచ్ బాబుకి సెప్పకండి."
రాయలేదు. పెన్సిలు నా చెవి మీదే ఉండిపోయింది.

అవతలివాడు భీమిలి కుర్రాడు, ఇరవై రెండు నిండలేదు.
రింగులోకి నడిచొచ్చే మనిషి భుజాలు చూసి
ఎటు కొట్టాలో అప్పుడే తేల్చుకుంటాడట.

అందుకని ఆ రాత్రి
పచ్చ శాటిను లోపల, కుడివైపు,
దూది పొర ఒకటి పెట్టి మడిచి కుట్టాను.
సరిగ్గా అర అంగుళం.
పెళ్లికొడుకుల కోట్లకి వేసే కిటుకే.

తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు.
రెండు భుజాలూ సమంగా ఉన్నాయి.
చాలాసేపు చూసుకున్నాడు.
తర్వాత ఎడమ చేత్తో ఆ కుడి భుజాన్ని
సంతలో పనసపండు నొక్కి చూసినట్టు
మెల్లగా నొక్కాడు.
నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.
కుట్టుకూలి ఇచ్చి, చిల్లర తీసుకోకుండా వెళ్లాడు.

ఇవాళ మళ్లీ అడిగారు బడ్డీ దగ్గర.
రెండు వందలు తీసి వాడి మీద కాశాను.
నవ్వారు. నవ్వనీ.
ఎడమ జబ్బ కొలత వాళ్లకేం తెలుసు?
ముప్పావు అంగుళం పెరిగింది.
పద్నాలుగు నెలలూ ఒంటిచేత్తో
ఏం ఎత్తాడో, ఎవరికి కనపడకుండా ఎత్తాడో.
అది మాత్రం రాశాను, పెన్నుతో.

అయినా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
ఆదివారం సాయంత్రం పేర్లు పిలవగానే
రింగు మూలన నిలబడి
ఆ అంగీ విప్పి అందుకోవలసింది నేనే.

దూది నా చేతుల్లో ఉండిపోతుంది.
భుజం వాడితో వెళ్తుంది.